రేవులో కట్టేసిన ఆవు

“ఇవాళ రక్తం చూస్తాంరా థర్మన్! నా మనసు చెబుతోంది. డైసీని ఇంటికి తోలుకొచ్చెయ్. నువ్వూ వచ్చెయ్.”

“పొద్దున్నే అపశకునం మాటలు మానవే అమ్మా!” అన్నాడు పంతొమ్మిదేళ్ళ కొడుకు, తుపాకి భుజాన వేసుకుంటూ.

పెళ్ళై ఈ ఊరు వచ్చినప్పటి నుంచీ ఎలెక్టా నలుగురిలో నోరు విప్పదు. భయం వేస్తే మాత్రం ఇంట్లో గొణుగుడు ఆగదు. మొగుడు పోయాక ఆ భయాలన్నీ కొడుకు చుట్టూనే తిరుగుతున్నాయి. వాడు గడప దాటగానే శాలువా కప్పుకుని వెనకే బయలుదేరింది.

మిస్సోరీ నది రేవులో, బల్లకట్టు పక్కన ఆమె ఆవు డైసీ కట్టేసి ఉంది. నది అవతల కాన్సాస్. అక్కడ బానిసలు ఉండాలా వద్దా అని ఆ నెలాఖరుకి ఓట్లు. వద్దనే ఉత్తరాది యాంకీలు బళ్ళు కట్టుకుని వచ్చేస్తున్నారు. వాళ్ళని నది దాటనివ్వకూడదని, ఊళ్ళో బానిసలున్న ఆసామి బర్రెల్ మనుషులు కాపలా; థర్మన్ కూడా వాళ్ళలో ఒకడు. వచ్చినవాడు యాంకీ అవునో కాదో తేల్చడానికి ఆవుని చూపించి అదేమిటని అడుగుతారు. ఇక్కడివాళ్ళు “కౌ” అంటారు. యాంకీ నాలుక ఎంత అణుచుకున్నా “క్యౌ” అనే తిరుగుతుంది.

బల్లకట్టు తాడు లాగే కేటో, బర్రెల్ బానిస. ఆ మాట అతను పలికితే అచ్చం బర్రెల్ పలికినట్టే ఉంటుంది. అతన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

మొదటి బండి వచ్చింది. అందులో మొగుడూ పెళ్ళామూ.

“ఇదేమిటి బావా?” బర్రెల్ ఆవుని చూపించాడు.

“కౌ.” బండివాడు తడుముకోలేదు.

“శభాష్! మరి మా చెల్లెమ్మ ఏమంటుందో?”

ఆమె మొగుడి వంక చూసింది. పెదవులు తడుపుకుంది. “క్యౌ.”

రేవంతా ఘొల్లుమంది. “యాంకీ పిల్లి అరిచిందిరోయ్!”

పిండి బస్తాలు నదిలో పడ్డాయి. బండివాడు అడ్డం వెళ్ళాడు. “ఏరా, చూస్తావేం?” అని బర్రెల్ కేకేయగానే థర్మన్ తుపాకి తిరగేసి అతని భుజం మీద ఒక్కటి వేశాడు. ఎముక విరిగిన చప్పుడు ఎలెక్టా దాకా వినిపించింది. కొడుకు చెయ్యి ఇంతవరకూ కుక్కపిల్లని కూడా కొట్టి ఎరగదు.

ఏడుపుతో ఆ బండి వెనక్కి తిరిగింది. గట్టు మీద ఇంకో బండి దుమ్ము లేస్తోంది. ఎలెక్టా పరుగున వెళ్ళి కొడుకు చొక్కా పట్టుకుంది.

“బర్రెల్ మరిదిగారూ, మీకు దండం పెడతాను. వీణ్ణి పంపెయ్యండి. ఇవాళ ఎముక విరిచాడు. రేపు ప్రాణమే తీస్తాడు.”

“అయ్యో వదినా! వీడింకా పాలు మానలేదా?”

మళ్ళీ నవ్వులు.

“పరువు తియ్యకమ్మా. వదులు,” అన్నాడు థర్మన్.

ఆమె వదల్లేదు.

బర్రెల్‌కి సరదా పుట్టింది. “సరే, మా వదిన నలుగురిలో మాట్లాడితే వినాలని ఎన్నాళ్ళనుంచో కోరిక. ఆ వచ్చేవాళ్ళకి మన మాట ఎలా ఉంటుందో నువ్వే చెప్పి చూపించు. ఒక్క మాట చాలు. చెప్పావా, నీ కొడుకునీ ఆవునీ ఇప్పుడే తోలుకుపో.”

“వద్దు మరిదిగారూ. నాకు సిగ్గు.”

“అనేసి పదవే అమ్మా!” థర్మన్ తల ఎత్తలేకపోతున్నాడు.

ఎలెక్టా ఆవు వంక చూసింది. బండి వచ్చి ఆగింది. నవ్వులు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. కేటో తాడు లాగడం ఆపి ఆమె వంకే చూస్తున్నాడు. కొడుకు చొక్కా మీద ఆమె పట్టు సడలిపోయింది.

“క్యౌ,” అంది థర్మన్ తల్లి.