తెల్ల కర్రలకి ఇవతల

బంతి గోంగూర మడిలో ఉంది. రెండు మొక్కల మధ్య, తడిమట్టిలో, తెల్లగా.

ముగ్గురూ దాని చుట్టూ నిలబడ్డారు. ఒక్కరూ ముట్టుకోలేదు.

దేవకుమారి నీళ్ల పైపు పట్టుకుని పక్కనే ఉంది. అమెరికాలో, ఈ కమ్మింగ్ ఊళ్లో ఇల్లు కొన్న రోజే కొడుకు చెప్పాడు, ఆ తెల్ల కర్రలకి అవతలంతా గోల్ఫ్ వాళ్లది, ఇవతల మనది అని. అప్పటినుంచి ఎన్ని బంతులు వచ్చి పడలేదు, ఎంతమంది నవ్వుకుంటూ వచ్చి ఏరుకుపోలేదు. ఈ శనివారం మాత్రం ఎవరి మొహంలోనూ నవ్వు లేదు.

ఈ బంతి ఐనోది మరి.

ఐనో ఫిన్లాండ్ పిల్ల. ఊరూరా తిరిగి ఆడే ఆడపిల్లల్ని టోర్నమెంట్ వాళ్లు చుట్టుపక్కల ఇళ్లలో దింపుతారు. అలా ఒక్క వారానికని వీళ్ల బేస్‌మెంట్‌లో దిగింది. రెండేళ్లయింది. కొడుకూ కోడలూ ఆఫీసులకి పోతే పొద్దస్తమానం పలకరించే దిక్కులేని ఇంట్లో, ప్రాక్టీసు నుంచి రాగానే దేవకుమారి పక్కన చతికిలబడి ఆకు తుంచేది ఆ పిల్లే. తెలుగు ముక్క రాదు. పిలుపు మాత్రం "మామ్మా" అనే.

ఇవాళ సీజన్‌లో ఆఖరి ఆట. అందులో ఆఖరి హోల్. మొదటి పదిమందికే పెద్ద టూర్‌లో ఆడే కార్డు ఇస్తారు. ఐనోది పదో పేరు. కార్డు వస్తే సోమవారమే అరిజోనా ప్రయాణం, అక్కడ కోచ్ ఎదురుచూస్తున్నాడు. రాకపోతే ఇంక ఆడనని, పక్క క్లబ్బులో పిల్లలకి నేర్పే ఉద్యోగంలో చేరిపోతానని నెల కిందటే చెప్పేసింది. ముప్పైమూడేళ్లొచ్చాయి. సూట్‌కేసు సర్ది మంచం పక్కన పెట్టుకుంది. దేవకుమారి మూడు రోజులుగా ఒంటిపూట తింటోంది.

పైన్ చెట్ల మీద రాబందులు తిరుగుతున్నాయి. మబ్బు నల్లగా దిగుతోంది.

రూల్స్ చూసే అధికారి, టోపీ పెట్టుకున్న పొడుగాటాయన, కర్రలకి అవతల గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని వేలితో ఏదో చూపించాడు. ఇంగ్లీషులో అడిగాడు. కోడలు పర్సిస్ తెలుగులో చెప్పింది.

"అత్తయ్యా, అదిగో అక్కడ బంతి పడి నేల నొక్కుకుపోయిన గుర్తు ఉందట. తడిగడ్డి కదా, బంతి అక్కడే ఆగిపోయి ఉండాలంటున్నారు. ఇంత దూరం దానంతటది దొర్లిందా, ఎవరైనా తీశారా అని అడుగుతున్నారు."

"తీస్తే?"

"ఎవరైనా తీసుంటే మళ్లీ అక్కడే పెట్టుకుని ఆడొచ్చు, పెనాల్టీ లేదు. దొర్లి కర్రలు దాటి వచ్చుంటే మాత్రం పెనాల్టీ వేసి మళ్లీ మొదటినుంచి కొట్టమంటారు, ఐనో పని అయిపోయినట్టే. చెట్లు అడ్డం, వాళ్లెవరికీ కనపడలేదు. యార్డ్‌లో ఉన్నది మీరొక్కరేగా."

పైపులోంచి నీళ్లు దేవకుమారి కాళ్ల మీద పడుతున్నాయి.

పర్సిస్ గొంతు తగ్గించింది. "నేనే తీశానని చెప్పేయండి. ఊరికే తలూపండి చాలు, మిగతాది నేను మాట్లాడుకుంటాను. ఆయనకి తెలుగేం వచ్చు?"

"అబద్ధం ఆడమంటావా నన్ను?"

"ఆ పిల్ల లైఫ్ అత్తయ్యా."

ఐనో ఒక్కడుగు ముందుకొచ్చింది. పెదాలు తెల్లబడి ఉన్నాయి. "మామ్మా, ట్రూత్ ఓన్లీ. ఓకే?"

దూరంగా ఉరిమింది. దేవకుమారి కోడలి వంక చూడలేదు, ఐనో వంకా చూడలేదు. సరాసరి ఆ పొడుగాటాయన కళ్లలోకే చూసి, తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కూడబలుక్కుంది.

"నో టచ్. నోబడీ టచ్. బాల్ కేమ్."

ఆయన మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అదే చెప్పింది.

ఆయన టోపీ తీసి, ఐనోతో మెల్లగా ఏదో అన్నాడు. ఐనో ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత వంగి దేవకుమారిని గట్టిగా కావలించుకుని, మొదటినుంచి మళ్లీ కొట్టడానికి వెనక్కి నడిచి వెళ్లింది. సాయంత్రం లిస్టులో ఆమెది పన్నెండో పేరు.

మర్నాడు తెలుగు చర్చిలో దైవాశీర్వాదం పాస్టర్‌గారు ఆ సంగతే చెప్పారు. "సొంత మనవరాల్లాంటి పిల్ల బతుకు ఒక్క మాట మీద వేలాడుతున్నా ఈ తల్లి నోట అబద్ధం రాలేదు" అంటూ ఆయన దేవకుమారి వైపు చెయ్యి చూపించారు. పర్సిస్ సిగ్గుతో తల దించుకుంది. ఆడవాళ్లు వరసగా వచ్చి దేవకుమారి చేతులు కళ్లకద్దుకున్నారు.

ఇంటికొచ్చాక ఆమె అన్నం ముట్టలేదు. బేస్‌మెంట్ మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. కింద హ్యాంగర్లు ఒక్కొక్కటే మళ్లీ కడ్డీకి తగులుకుంటున్నాయి. కాసేపటికి ఖాళీ సూట్‌కేసును మంచం కిందికి తోసిన చప్పుడైంది.

ఆ చప్పుడు వినడానికే నిన్న మధ్యాహ్నం, తెల్ల కర్రలకి అవతల గడ్డిలో కదలకుండా ఆగి ఉన్న బంతిని దేవకుమారి తన చేత్తోనే తీసుకొచ్చి గోంగూర మడిలో పెట్టింది.