మూడు మూపురాల ముసుగు

కొయ్య అచ్చు మీద మూపురాలు ఐదున్నాయి.

దర్జీ మెడలోని టేపు తీయకుండానే మరోసారి లెక్కపెట్టాడు. ఐదే.

ఇరవై ఆరేళ్ళుగా ఆయన కుట్టినవన్నీ మూడు మూపురాల ముసుగులు. క్షిపణి తల మీద కప్పేవి. ఒక్కో మూపురం కింద ఒక్కో బాంబు.

ఒప్పందం ప్రకారం అవతలి దేశపు తనిఖీదారు ఏటేటా వస్తాడు. పదిహేను అడుగుల దూరంలో తాడు దగ్గర నిలబడి, బట్ట మీది ఉబ్బులు లెక్కించి సంతకం పెట్టి వెళతాడు. ఇక్కడివారూ అక్కడికి వెళ్ళి, వాళ్ళ ముసుగుల మీద అలాగే లెక్కిస్తారు. ఆయనకు లెక్క తెలియాలి, రూపు తెలియరాదు. ఆ రెంటి నడుమ ఉన్నదే దర్జీ పనితనం.

ఊపిరి ఉన్న ఒంటికి ఆయన ఒక్కనాడూ బట్ట కుట్టి ఎరుగడు.

“లోకాన్ని బూడిద చేసేదానికి ఏటా కొత్త చొక్కా! నాకో దిండు గలీబైనా కుట్టిపెట్టారా ఎన్నడైనా?” అని భార్య దెప్పేది.

“విశ్రాంతి రానీవే. నీ దిండుకు పట్టు కుడతాను.”

విశ్రాంతి వచ్చింది. క్షిపణుల స్థావరం చుట్టూ ఉన్న కంచె అవతలి ఊళ్ళో కూతురు వీధివైపు తలుపున్న చిన్న గది చూసిపెట్టింది. అందులో ఒక కుట్టుమిషను, కిటికీలో పసిపిల్లల చొక్కాలు. ఆయన కోరిక అంతే.

పోయిన తనిఖీనాడు దుబాసీ చేత చెప్పించాడు కూడా, వచ్చే ఏడు తాను ఉండనని. తొమ్మిదేళ్ళుగా ముఖం మాత్రమే ఎరిగిన ఆ ముసలి తనిఖీదారు టోపీ తీసి తల వంచాడు.

ఇక కంచె దాటేందుకు అనుమతి కాగితం ఒక్కటే మిగిలింది. అది ఎదురుగా అధికారి బల్ల మీద ఉంది.

“ఐదున్నాయి బాబూ,” అన్నాడు దర్జీ.

“వాళ్ళు ఆకాశానికే కవచం తొడిగారు పెద్దాయనా. మనం వేసింది దారిలోనే పడగొడతారట. మూడు పంపితే ఒక్కటీ చేరదు. అందుకని ఐదు.”

“ఒప్పందంలో మూడే గదా?”

“అందుకేగా మిమ్మల్ని పిలిచింది! లోపల తీగ చట్రం పెట్టిస్తాం. మీ బట్ట కప్పితే మూడే కనబడాలి.”

దర్జీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “కళ్ళు మసకేశాయి బాబూ. మరెవరికైనా పురమాయించండి.”

“సరే, మీ ఇష్టం.”

బతికాననుకుని దర్జీ కాగితం కోసం చెయ్యి చాచాడు.

అధికారి దాన్ని సొరుగులో పెట్టి మూశాడు.

“ఐదని మీకు తెలిసిపోయింది గదా.”

“మీరు చూపబట్టే గదయ్యా తెలిసింది!”

“చూపకుండా ఎలా కుట్టమంటాను?”

దర్జీకి నవ్వు వచ్చినంత పనైంది. “ఎన్నాళ్ళుండాలి?”

“ఒప్పందం నడిచినన్నాళ్ళు.”

“అదెన్నాళ్ళు?”

“దేవుడు చల్లగా చూస్తే చాలా కాలం.” అధికారి గొంతు కాస్త తగ్గించాడు. “కుట్టారంటే ఏడాదికోసారి మీ అమ్మాయిని కంచెదాకా రానిస్తాను.”

సాయంత్రం భార్య గుమ్మంలోనే నిలేసింది. “కాగితమేదండీ?”

“ఈ ఏడు కాదన్నారు.”

“ఎందుకని?”

చెబితే ఆమె కాగితమూ ఆ సొరుగులోకే చేరుతుంది.

“పని ఉందట.”

“అబ్బో! మీ కుట్టు లేకపోతే వాళ్ళ యుద్ధాలు ఆగిపోతాయి కాబోలు!” అంటూ ఆమె కట్టిన మూటల్లోంచి రెండు కంచాలు బయటికి తీసింది. రెండే. తక్కిన మూటలు విప్పలేదు.

ముసుగు మనుషుల కంటికేగాని సర్వసాక్షికి కాదని దర్జీ ఎరుగును. మరునాడు పొద్దున్నే, ఆ సాక్షికి దండం పెట్టుకుని సూదిలో దారం ఎక్కించాడు.

తనిఖీ రోజు రానే వచ్చింది.

ముసలి తనిఖీదారు తాడు దగ్గర నిలబడ్డాడు. బట్ట మీద ముడత లేదు. ఉబ్బులు మూడు, కొలిచి పోసినట్టున్నాయి. ఆయన కలం తీశాడు.

అప్పుడు గోడవారగా నిలుచున్న దర్జీ ఆయన కంటబడ్డాడు.

కలం ఆగింది.

ఆయన ఏదో అడిగాడు. “విశ్రాంతి తీసుకుంటానన్నారు గదా, ఇంకా ఇక్కడే ఉన్నారేమని అడుగుతున్నారు,” అన్నాడు దుబాసీ.

అధికారి అందుకున్నాడు. “పనంటే ప్రాణమని చెప్పండి పెద్దాయనా.”

దర్జీకి కూతురు కంచెదాకా వచ్చే రోజు కళ్ళ ముందు మెదిలింది.

“కాగితం రాలేదని చెప్పు నాయనా,” అన్నాడు దుబాసీతో.

అధికారి బూటు నేల మీద ఒకసారి కదిలింది. దుబాసీ చెప్పాడు.

తనిఖీదారు మళ్ళీ ముసుగువైపు తిరిగాడు. ఈసారి మూపురాలను కాదు, వాటి నడుమ పల్లాలను చూశాడు. చాలాసేపు చూశాడు.

తరువాత కాగితం మీద మూడు అని వేసి, సంతకం పెట్టాడు.

వెళుతూ వెళుతూ దర్జీ ముందు ఆగి, టోపీ తీసి, మెల్లగా ఒక్క మాట అన్నాడు.

దుబాసీ తటపటాయించాడు.

“ఏమంటున్నారు నాయనా?”

“వాళ్ళ దర్జీకి కూడా ఈ ఏడు కాగితం రాలేదట.”