పన్నెండో నిమిషం

ఆరిన బట్టలు మడతపెడుతూనే ఆమె కంప్యూటర్ తెరమీద ఓ కన్నేసి ఉంచింది. నిరుడు పోయిన అమ్మది మిగిలింది ఒక్కటే వీడియో. మసక తీసి బాగుచేద్దామంటే పాత గ్రాఫిక్స్ కార్డు మోయలేక ప్రతిసారీ మధ్యలోనే చతికిలపడుతోంది. అందుకని నిమిషానికో ముక్క చొప్పున పదకొండు ముక్కలుగా విడివిడిగా బాగుచేసి, ఇప్పుడే అన్నిటినీ అతికించింది.

"ఇంకా ఎంతసేపమ్మా? మీ అమ్మ ముస్తాబుకి కూడా ఇంతసేపు కాచుకోలేదు నేను," అన్నాడు నాన్న.

"అయిపోయింది నాన్నా, రా."

తెరమీద అమ్మ కూడా మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. నాన్న రెప్ప వాల్చకుండా చూశాడు. పదకొండు నిమిషాలూ అయిపోయాయి. వీడియో ఆగలేదు.

పన్నెండో నిమిషం మొదలైంది. అమ్మ చివరి చొక్కా మడిచి పక్కన పెట్టి, నేరుగా ఇటు చూసింది.

"ఇంకా అక్కడే కూర్చున్నారేంటి? చెప్పులేసుకుని రండి."

కూతురు గబుక్కున తెర ఆర్పేసింది. నాన్న అప్పటికే లేచాడు. ఏడాదిగా వాడని చెప్పులు మూల నుంచి తీసి, దుమ్ము దులిపి తొడుక్కున్నాడు.

"ఈ రాత్రివేళ వద్దు నాన్నా," అంటూ ఆయన చెయ్యి పట్టుకుంది.

నాన్న ఆమె వేళ్లు ఒక్కొక్కటే మెల్లగా విడిపించుకుని గడప దాటాడు.