నాలుగు ఇంగ్లీషు ముక్కలు

తెలుగు పండితుడు అనంతపద్మనాభం జీవితంలో ఒకే ఒక్కసారి ఇంగ్లీషులో సెలవు చీటీ రాశాడు.

భార్యకు జ్వరమొస్తే ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ మై వైఫ్స్ ఫీవర్’ అని రాసి హెడ్‌మిస్ట్రెస్ జయకుమారి గారికి పంపాడు.

ఆమె ఆ వాక్యం కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి, ‘జ్వరం ఎవరికి? సెలవు ఎవరికి?’ అని రాసి తిప్పి పంపింది.

స్టాఫ్‌రూమ్ వారం రోజులు నవ్వింది.

గుంటూరులో ఆ ఆడపిల్లల హైస్కూల్లో ఆమె ఎర్ర పెన్సిలును తప్పించుకున్నవాళ్ళు లేరు. పెళ్ళి శుభలేఖ తెచ్చిచ్చినా ముందు అందులో తప్పులు దిద్ది, ఆ తర్వాతే దీవించేది.

1986 ఏప్రిల్లో ఆమె రిటైరవుతోంది.

వీడ్కోలు సభలో మాట్లాడాల్సిన ఇంగ్లీషు టీచరు టైఫాయిడ్‌తో మంచాన పడింది. మిగిలినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి సీనియారిటీ పేరు చెప్పి అనంతపద్మనాభాన్ని ముందుకు తోశారు. ఉపన్యాసం మాత్రం ఇంగ్లీషులోనే ఉండాలన్నారు.

అతను పెదకాకాని నుంచి రోజూ బస్సులో వస్తాడు. ఆ సోమవారం బస్సులో కూర్చుని, రాసుకున్నది పైకే వల్లె వేస్తున్నాడు.

చల్లని తల్లి అనే మాటను ‘కోల్డ్ మదర్’ చేశాడు.

పక్క సీటులో మనిషి ఉండబట్టలేక ఇటు తిరిగాడు. యాభై ఏళ్ళుంటాయి. ఉతికిన తెల్ల చొక్కా, జేబులో పెన్సిలు, గోళ్ళ సందుల్లో తెల్ల పొడి.

“ఏమనుకోకండి పంతులుగారూ. కోల్డ్ మదర్ అంటే తల్లి పోయిందనుకుంటారు. కైండ్ అనండి.”

అది సుద్దముక్క పొడేనని, మనిషి ఇంగ్లీషు మాస్టారేనని పంతులు తేల్చేసుకున్నాడు. ఆ మనిషి తన పేరు తోమా అని, మాస్టార్ని కాదని చెప్పాడు. అయితే లెక్చరరన్నమాట, అనుకున్నాడు పంతులు.

ఉపన్యాసం ఎవరికోసమని తోమా అడిగాడు. జయకుమారి గారి పేరు చెప్పగానే ఇటు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు. తర్వాత, రేపు కూడా ఈ బస్సుకే రమ్మన్నాడు.

అలా వారమంతా బస్సులో పాఠం సాగింది.

కారణజన్మురాలు అనబోయి పంతులు ‘షి ఈజ్ బార్న్ విత్ ఎ రీజన్’ అని రాశాడు. వింటే పోలీసు కేసులా ఉందని తోమా కొట్టేయించాడు.

‘వి విల్ మిస్ యు’ దగ్గర పంతులు మొండికేశాడు. మిస్ అంటే బస్సు తప్పిపోవడం కదా అన్నాడు. పైగా ఆవిడ పెళ్ళి కాని మిస్సు, ఒకే వాక్యంలో ఇద్దరు మిస్సులు ఎలా ఇముడుతారని అడిగాడు.

“బస్సు తప్పిపోతే ఇంకోటి వచ్చిద్దండి,” అన్నాడు తోమా. “ఇది, ఇంకోటి రానిదాని గురించి.”

పంతులు ఆ ముక్క అలాగే రాసుకున్నాడు.

ఆరు పేజీల ఉపన్యాసం శుక్రవారానికి రెండు పేజీలయింది. తోమాకి అదీ ఎక్కువే. నాలుగు వాక్యాలు దాటితే చోటు చాలదన్నాడు. టైము చాలదని కాబోలు, అని పంతులు మనసులో దిద్దుకున్నాడు.

శనివారం తోమా కాగితాలు పక్కన పెట్టించి, అసలు ఆవిడ ఏం చేసేదో చెప్పమన్నాడు. పంతులు డిగ్రీలు ఏకరువు పెట్టబోతే, అవి కాదన్నాడు.

పంతులు ఆలోచించాడు. మిరపకాయ కోతలప్పుడు కూలికి వెళ్ళే పిల్లలు రెండేసి నెలలు బడికి రారు. ఆదివారం ప్రార్థన కాగానే ఆవిడ వాళ్ళని తన ఇంటి వరండాలో కూర్చోబెట్టి, పోయిన పాఠాలన్నీ మళ్ళీ చెప్పేది. వేళ్ళు మండుతున్నాయంటే మజ్జిగతో చేతులు కడిగి మరీ పుస్తకం పట్టించేది. ఈ సంగతి తనకు తెలిసీ ఆరు పేజీల్లో ఎక్కడా రాయలేదని పంతులుకి అప్పుడే తోచింది.

తోమా జేబులోంచి పెన్సిలు తీశాడు. బస్సు గుంటూరు చేరబోతుండగా కాగితం తీసుకుని, అచ్చుగుద్దినట్టున్న అక్షరాలతో ఒక్క వాక్యం రాశాడు.

‘షి కెప్ట్ ద డోర్ ఓపెన్ ఫర్ దోజ్ హు కేమ్ లేట్.’

ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం ఆమె తలుపు తెరిచే ఉంచింది.

మనిషి ఎదురుగా ఉండగా భూతకాలం ఏమిటని పంతులుకి అనుమానం వచ్చింది.

“నాకు అదే అలవాటండి,” అన్నాడు తోమా, దిగిపోతూ.

సోమవారం మధ్యాహ్నం సభ. హాలు నిండా పిల్లలు. జయకుమారి గారు అలవాటు ప్రకారం ఉపన్యాసం నకలు ముందే అడిగి తీసుకుని, ఎర్ర పెన్సిలు చెక్కుకుని కూర్చుంది.

పంతులు లేచి నాలుగు వాక్యాలూ చదివాడు. అర నిమిషం పట్టలేదు.

ఎర్ర పెన్సిలు కాగితం మీద ఒక్కో వాక్యం వెంటా నడిచింది. చివరి వాక్యం దగ్గర ఆగింది. స్టాఫంతా మెడలు సాచి చూశారు.

ఆమె పెన్సిలు బల్ల మీద పెట్టేసి, మరోసారి చదవమంది.

రెండోసారి చదువుతుంటే కళ్ళజోడు తీసేసింది.

సభ అయ్యాక పంతుల్ని పక్కకి పిలిచి, ఇది మీ ఇంగ్లీషు కాదు కదా అని అడిగింది. పంతులు ఒప్పేసుకున్నాడు. బస్సులో పరిచయమైన లెక్చరరు తోమా గారు చెప్పారని, ఏ కాలేజీయో అడగడం మరిచిపోయానని అన్నాడు.

ఆ పేరు వినగానే ఆమె మడిచిన కాగితం మళ్ళీ విప్పింది.

“లెక్చరరు కాదు పంతులుగారూ,” అంది మెల్లగా. “సమాధుల తోట గోడ పక్కన రాళ్ళు చెక్కుతాడు. నేను పోయాక నా పేరు తప్పుల్తో చెక్కిస్తారేమోనని, పోయిన నెల నేనే వెళ్ళి నా సమాధి రాయి చెక్కమని చెప్పి వచ్చాను. పేరు కింద ఏం రాయమంటారమ్మా అని అడిగితే, నా గురించి రాయడానికి ఏముంది, ఖాళీగా వదిలెయ్యమన్నాను.”