రూపాయలా, బాత్‌లా

బ్యాంకాక్ షాపులో కార్డు పెట్టగానే మిషను అడిగింది, రూపాయల్లో కడతారా, థాయ్ బాత్‌లలో కడతారా అని. పురుగుమందుల డీలరు శ్రీకృష్ణ రూపాయలు నొక్కబోయాడు. భార్య చెయ్యి పట్టుకుంది.

"అది నొక్కితే షాపువాడు తనిష్టమొచ్చిన రేటు వేసుకుంటాడండి. బాత్ నొక్కండి. బయటి దేశంలో వాడినా మన కార్డుకి ఫీజు కూడా లేదు."

నొక్కాడు. "తెలియనోళ్లమని ఎట్లా దోచుకుంటున్నారో చూడు," అన్నాడు మండిపడుతూ.

అంతలో సత్తెనపల్లి నుంచి ఫోను. రైతు యలమందయ్య.

"మీరిచ్చిన మందు రెండుసార్లు కొట్టానండి. మిరపతోటలో ఆకుముడత తగ్గలేదు. మళ్లీ అదే కొట్టమంటారా, ఆ రెండోది కొట్టమంటారా?"

మందు కొనడానికొచ్చిన రోజు కొట్లో రెండు సీసాలూ ముందు పెట్టి, ఏది మంచిదని అడిగాడు యలమందయ్య. పనిచేసేదాన్ని పక్కకి జరిపి, పనిచెయ్యనిది అతని చేతిలో పెట్టాడు శ్రీకృష్ణ. అది ఎక్కువ అమ్మిన డీలర్లకే కంపెనీ ఈ బ్యాంకాక్ ట్రిప్పు ఇచ్చింది.

భార్య ఇంకా అతని చెయ్యి వదల్లేదు. మెల్లగా విడిపించుకున్నాడు.

"సెలవుల్లో ఉన్నారంట, ఇబ్బంది పెట్టాను," అంటున్నాడు యలమందయ్య. "నాకేం తెలుసండీ. మీరేది చెబితే అదే కొడతా."