ఒక్క ఒప్పుకోలు

సర్వర్ గది అద్దానికి నుదురు ఆనించి ఒక ముసలాయన లోపలికి చూస్తున్నాడు.

పక్క బల్ల దగ్గర ఇంజనీరు తలెత్తలేదు. ఆమె చెవి దగ్గర ఫోను, ఫోనులో డైరెక్టరు.

"ల్యాబులన్నిటి డేటా ఒకేచోట పెడుతున్నాం. రేపే ప్రారంభం. అందరూ అడుగుతున్న ఆ గుండె రికార్డింగులే లేకపోతే ఎలా? పందిరి వేశాక పెళ్ళికొడుకు లేడంటావా?"

"ఆ రోగి ఒప్పుకోవాలి సార్. అప్పట్లో ఒక్క ల్యాబుకే ఒప్పుకున్నాడు. డాక్టరమ్మ ఆయన ఇంటికే వెళ్ళారు."

"ఒప్పుకోకపోతే?"

"సాయంత్రం పాత సర్వర్ ఆపేలోగా చెరిపెయ్యాలి. నియమం."

"నువ్వు మాట్లాడొచ్చుగా?"

"ఆయనెవరో నాకు తెలియకూడదు సార్. నా దగ్గర అంకె ఉంటుంది, పేరుండదు."

ఫోను పెట్టేసి తెర వైపు తిరిగింది. ఏడాదిగా ఆ రికార్డింగుల్లో తప్పులు ఏరుతోంది. ఆ అరుదైన గుండెజబ్బుతో అన్నేళ్ళు బతికిన మనిషి మరొకరు లేరు.

ముసలాయన బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇందులో పెట్టినవి ఎవరెవరు చూస్తారమ్మా?"

"పాత సామాను కొనేవాళ్ళు వెనక గేటు నుంచి రావాలి బాబాయ్. ఇవి కొత్తవి, అమ్మం."

ఆయన నవ్వాడు. "కొనడానికి కాదు తల్లీ. డాక్టరమ్మ లేదా?"

"లేరు. రేపు రండి."

"రేపైతే ఆలస్యమైపోదూ?"

"దేనికి?"

ఆయన నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. ఇంతలో ఫోను మోగింది. ఆమె గుమ్మం వైపు చెయ్యి చూపించింది.

ఫోనులో డాక్టరమ్మ. "ఇంటికి తాళం. ఆయనకు ఫోను కూడా లేదు. ఇక్కడే అరుగు మీద కూర్చుంటాను."

మధ్యాహ్నమంతా ఇంజనీరు డాక్టరమ్మకు పదేపదే ఫోను చేసింది. ప్రతిసారీ ఒకటే జవాబు, తాళం.

సాయంత్రం ఇంజనీరు ఆ ఫోల్డరు చెరిపేసింది. పాత సర్వర్ ఆపేశారు.

చీకటి పడకముందే మళ్ళీ డాక్టరమ్మ.

"పక్కింటావిడ ఇప్పుడే పని నుంచి వచ్చింది. ఆయన పొద్దున్నే మన ఆఫీసుకే బయల్దేరాడట. ఎక్కడ పెడతారో కళ్ళారా చూసి, సరేనని నాతో చెప్పి వస్తానన్నాడట. తనెవరో బయట ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. అక్కడికి ఎవరైనా వచ్చారా?"

"వచ్చారు" అంది ఇంజనీరు.

ఏడాదిగా ఆమె రోజూ తెర మీద చూస్తున్న గుండె, తను చెయ్యి చూపించగానే మారుమాట లేకుండా వెళ్ళిపోయిన ఆ మనిషిది.