కాకి మాటకు పది రాళ్లు

వాన ముఖం చూసి చాలా నెలలైన అడవిలో ఒక మడుగు ఉండేది. అందులో ఉండే ఒక ముసలి తాబేలు వీపు కూడా తడవనంతగా నీళ్లు ఇంకిపోయాయి. ఆ పొద్దున కాకి వచ్చి, "గుట్ట అవతల చెరువు నిండుగా ఉంది" అని చెప్పి ఎగిరిపోయింది.

తాబేలుకు ఒక అలవాటు ఉంది. కాకి చెప్పిన మాట నిజమని తేలితే ఒక తెల్ల రాయి దాచేది, అబద్ధమని తేలితే నల్ల రాయి. ఇప్పటికి తెల్లవి మూడు, నల్లవి ఏడు.

"ఏమయ్యా, ఇంకా ఆ రాళ్లేనా?" దాని భార్య ఒడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ విసుక్కుంది. "గోరింక కూడా చెరువు నిండిందంది. ఉడతా అదే అంది. ముగ్గురి మాటా అబద్ధమవుతుందా?"

తాబేలు గోరింకను పిలిచి, "నీళ్లు నువ్వు చూశావా?" అని అడిగింది.

"లేదు, ఉడత చెప్పింది."

ఉడతనూ అడిగింది.

"నేనెక్కడ చూశాను మామా, కాకి చెప్పింది."

"నోళ్లు మూడు. చూసిన కళ్లు మాత్రం కాకివే," అంది తాబేలు. "నిజమయ్యేది పదికి మూడే."

భార్య కూలబడింది. "అయితే వెళ్లొద్దంటావా?"

తాబేలు బురదలో కాలు పెట్టి చూసింది. పొద్దుటికంటే గట్టిపడింది. రాళ్లను అక్కడే వదిలేసి గుట్ట వైపు కదిలింది.

"ఆగు. ఇంతకీ కాకిని నమ్మావా?"

"నమ్మలేదు. ఇక్కడుంటే పదికి పదీ చావే. అక్కడికెళ్తే ఏడే. నడువు."